ఇంటికి కాపలా – పనివారికి మర్యాద

మా ప్రసారశాలలో స్టూడియో తలుపు పైన ఒక ఎర్ర దీపముండును. అది వెలిగినదనగా మైకు పనిచేయుచున్నదని అర్థము. దీపము వెలిగిన క్షణమునుండి లోపలనున్నవారు దగ్గు వచ్చినను ఆపుకొందురు. కాగితము త్రిప్పినను చప్పుడు కాకుండ త్రిప్పుదురు. అది ఆరిన తరువాతనే గొంతు సవరించుకొని, ఒకరితోనొకరు మామూలుగా మాటలాడుకొందురు. ఇరువది సంవత్సరములుగా ఆ దీపము క్రింద పనిచేయుచున్న నాకు, తన మాట ఎవరో వినుచున్నారని ఎరిగిన మనిషి నడవడి ఎంత మారునో బాగుగా తెలియును. అయితే మాకొక సౌకర్యము కలదు. ఆ దీపమెప్పుడు వెలుగునో, ఎప్పుడు ఆరునో మాకు ముందుగానే తెలియును. మన యిండ్లలో గోడలకు అమర్చుచున్న కెమేరాల యెదుట అంట్లు తోమి, ఇల్లు తుడిచి, పిల్లలనాడించు పనివారికి ఆ సౌకర్యము లేదు. వారు వచ్చినది మొదలు వెళ్ళువరకు దీపము వెలుగుచునే యుండును. ఇంటి భద్రతకును, పనివారి మర్యాదకును పొత్తు కుదురు మార్గమేదియో ఆలోచించుటయే ఈ ప్రసంగోద్దేశము.

ఒకప్పుడు ఇంటికి కాపలా యనగా గట్టి తలుపు, దానికొక తాళము, వీధి అరుగుమీద ఒక ముసలితాత. తాతకు కంటిచూపు తక్కువైనను, వచ్చినవారిని 'ఎవరబ్బాయివి?' అని అడుగకుండ విడిచెడివాడు కాడు. అరుగులు పోయినవి, తాతలు మూడవ అంతస్తులోని గదులకు చేరినారు. పిల్లలు హైదరాబాదునకో, అమెరికాకో తరలిపోయినారు. ఆ ఖాళీలోనికి కెమేరా ప్రవేశించినది. రెండు మూడు వేల రూపాయలకే బజారులో దొరకు ఈ చిన్న యంత్రము నేడు పట్టణములలో మధ్యతరగతి గృహములందును సామాన్యమైపోయినది.

దూరమునుండి చూచు ఈ ఏర్పాటు మొదట ఇంటికొరకు పుట్టలేదు. 1942లో జర్మనీలోని పీనెమ్యూండె అను చోట రాకెట్ల ప్రయోగములను ప్రమాదము లేని దూరమునుండి పరిశీలించుటకై వాల్టర్ బ్రూఖ్ అను ఇంజనీరు సమకూర్చిన కెమేరాలే ఇట్టివాటిలో మొదటివని చెప్పుదురు. ఇంటి రక్షణకొరకు దీనిని మలచినది న్యూయార్కు నగరములోని ఒక నర్సు. ఆమె పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. వేళకాని వేళల ఇంటిలో ఒంటరిగా నుండవలసి వచ్చుటయు, పిలిచినంతనే పోలీసులు వచ్చెదరను నమ్మకము లేకపోవుటయు ఆమెను ఈ ఆలోచనకు పురికొల్పెను. ఆమెయు, ఆమె భర్త ఆల్బర్టును కలిసి 1966లో పేటెంటునకు దరఖాస్తు పెట్టిరి. 1969 డిసెంబరులో అది లభించెను. తలుపునకు వేర్వేరు ఎత్తులలో నాలుగు రంధ్రములు, వాటి వెనుక పైకిని క్రిందికిని కదలు ఒక కెమేరా, లోపలిగదిలో బొమ్మ కనిపించు తెర, బయటివారితో మాటలాడుటకు మైకు, ఆపదలో నొక్కుటకు ఒక మీట—ఇదియే వారి కల్పన. ఇందు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ కెమేరా చూచినది వీధివైపునకు. తలుపు తట్టిన అపరిచితుని ముఖము చూచుటకే అది పుట్టినది.

నేటి కెమేరాకును ఆ కెమేరాకును భేదములు మూడు. మొదటిది, దాని ముఖము లోపలికి తిరిగినది. హాలులో, వంటయింటిలో, పిల్లల ఊయల ప్రక్కన అది కూర్చున్నది. రెండవది, అది చూచుటయే గాక వినుచున్నది. దానిలోని చిన్న మైకు గదిలోని మాటలన్నియు గ్రహించును. మూడవది, అది మరచిపోదు. పరారుణ కిరణముల సహాయమున చీకటిలో సైతము చూచి, చూచినదానిని గోటియంత కార్డుమీదనో, ఎక్కడనో దూరదేశమందున్న కంపెనీవారి యంత్రాలయములోనో దాచిపెట్టును. యజమాని ఆఫీసులో కూర్చుండి సెల్‌ఫోనులో దానిని చూడవచ్చును; మరల మరల చూడవచ్చును; ఒక్క మీట నొక్కి మరియొకరికి పంపవచ్చును. పూర్వము అత్తగారు వంటయింటి గడపమీద కూర్చుండి పనిమనిషిని కనిపెట్టెడిది. ఆ చూపు పనిమనిషికి తెలిసెడిది. ఎదురు మాట చెప్పుటకును అవకాశముండెడిది. ఈ చూపునకు ముఖము లేదు.

ఇంటివారు కెమేరా పెట్టుటకు కారణములు లేకపోలేదు. మాటలు రాని పసిబిడ్డను ఆయాకు అప్పగించి ఉద్యోగమునకు పోవు తల్లి గుండెదడ అబద్ధము కాదు. విజయవాడలో ఒంటరిగానున్న తండ్రి మందు వేసికొన్నాడో లేదో డల్లాసునుండి చూచుకొను కొడుకును తప్పుపట్టలేము. దొంగతనముల భయము సరేసరి. పోలీసువారు సైతము కెమేరాలను ప్రోత్సహించుచున్నారు. జనసమ్మర్దముగల సంస్థలలో వీటిని తప్పనిసరి చేయుచు ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2013లో ఒక చట్టమే వచ్చెను. హైదరాబాదులో 'నేను సైతం' అను పేరుతో కాలనీలవారిచేతనే కెమేరాలు పెట్టించిరి. కావున కెమేరా వలదనుట నా అభిమతము కాదు. మా ఇంటిలోనూ ఒకటి ఉండెను. దాని కథ కొంచెము చెప్పవలసియున్నది.

నాలుగేండ్ల క్రిందట మా తల్లి స్నానాలగది వద్ద జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నది. నేనును నా భార్యయు ఇరువురము ఉద్యోగస్థులము. పగలు ఆమెకు తోడు మా పనిమనిషియే. తొమ్మిది సంవత్సరములుగా మా యింట చేయుచున్నది. పని ముగించి, అన్నము తిని, జుట్టు విప్పుకొని మా తల్లి మంచము ప్రక్క నేలమీద కొంతసేపు నడుము వాల్చి కబుర్లు చెప్పెడిది. మా తల్లి మరల పడిపోయినచో వెంటనే తెలియవలెనని ఆ గదిలో ఒక కెమేరా అమర్చితిని. అదేమియో పనిమనిషికి విడమరచి చెప్పవలెనని నాకు తోచనే లేదు.

ఒకనాడు ఆఫీసులో తీరిక దొరికి సెల్‌ఫోను తెరచితిని. తెరమీద ఇద్దరును కనిపించిరి, మాటలును వినిపించినవి. కూతురి కాలేజీ ఫీజుకై చెవికమ్మలు తాకట్టు పెట్టితినని ఆమె మా తల్లితో చెప్పుచున్నది. మరునాటి ఉదయము, సహాయము చేయవలెనను సదుద్దేశముతోనే, "కమ్మలు తాకట్టు పెట్టడమెందుకు, నన్నడిగితే ఇవ్వనా?" అంటిని. ఆమె మా తల్లివైపు చూచినది. మా తల్లి నాతో ఏమియు చెప్పియుండలేదు. ఆమె ముఖములోని ఆశ్చర్యమే ఆ సంగతి తెలిపెను. అప్పుడు పనిమనిషి తలయెత్తి గోడవైపు చూచినది. డబ్బు పుచ్చుకొనలేదు.

ఆనాటినుండి ఆమె అన్నము దొడ్డిలో చప్టామీద కూర్చుండి తినసాగెను. వారము గడచిన పిమ్మట మా తల్లి నన్ను పిలిచి, "ఒరేయ్, నేను పడిపోతే అది చూస్తుందని పెట్టావు. చూస్తుంది గాని లేవదీయదు గదరా. లేవదీసే మనిషి దొడ్లో కూర్చుంటోంది" అనెను. నాకు మొదట కోపమే వచ్చినది. తప్పు చేయనివారికి భయమెందుకని లోకమంతయు అనునట్లే నేనును అనుకొంటిని. ఆ మాటనే ఆమెతో అంటిని కూడ. "తప్పు చేశానని కాదు బాబుగారూ. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఎవరో చూస్తున్నట్టుంటుంది. పైట సర్దుకోవాలన్నా చోటు వెతుక్కోవాలి. పెద్దమ్మగారితో చెప్పుకున్న మాట పెద్దమ్మగారితోనే ఉంటుందనుకున్నాను" అని ఆమె సమాధానము. నాయొద్ద దానికి బదులు లేకపోయెను.

ఆంతరంగికత యనగా దాచదగిన దోషము కాదు. స్నానము చేయునపుడు మనము తలుపు వేసికొనుట దొంగతనమునకు కాదు గదా! ఎవరియెదుట ఏ మాట చెప్పవలెనో, ఎవరి కంటబడి ఎట్లుండవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛయే ఆంతరంగికత. మన దేశపు అత్యున్నత న్యాయస్థానము దీనిని స్పష్టముగా గుర్తించినది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి తెచ్చిన వ్యాజ్యములో 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, ఆంతరంగికత రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించు జీవన స్వాతంత్ర్యములో అంతర్భాగమని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ హక్కు ఇంటి యజమానికి ఎంత కలదో ఆయన యింట అంట్లు తోమువారికిని అంతే కలదు.

చట్టము ఎంతవరకు తోడుపడునని శ్రోతలు అడుగవచ్చును. కొంతవరకు మాత్రమే. స్నానము, మలమూత్ర విసర్జనము, బట్టలు మార్చుకొనుట మొదలగు ఏకాంత సమయములలో స్త్రీని చాటుగా చూచుటయు, చిత్రించుటయు నేరము. 2013లో శిక్షాస్మృతిలో చేరిన ఈ నిబంధన, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 77వ సెక్షనుగా కలదు. మొదటిసారి నేరము రుజువైనచో ఒక సంవత్సరమునకు తక్కువ గాకుండ మూడు సంవత్సరములవరకు జైలుశిక్ష. సమాచార సాంకేతిక చట్టములోని 66ఇ సెక్షను స్త్రీపురుష భేదము లేకుండ, అనుమతి లేనిదే ఎవరి గుహ్యాంగములనైనను చిత్రించుటను, ప్రచారము చేయుటను శిక్షార్హము చేసినది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు 2013 నాటి చట్టము నివాసగృహమును సైతము 'పనిచోటు'గా పరిగణించినది. దాని క్రింద ఇంటి పనివారు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసికొనవచ్చును.

కాని ఈ చట్టములన్నియు తీవ్రమైన అపచారములకు సంబంధించినవి. అన్నము తినుచుండగా చూచుట, కష్టసుఖములు చెప్పుకొనుచుండగా వినుట వీటి పరిధిలోనికి రావు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చేసిన చట్టము కూడ, ఒక వ్యక్తి తన సొంత లేక గృహావసరమునకై సేకరించిన సమాచారమునకు తాను వర్తింపనని చెప్పుచున్నది. అనగా గడప లోపలి కెమేరా విషయమున చట్టము చాలవరకు మన విచక్షణకే విడిచిపెట్టినది.

అట్లని న్యాయస్థానములు గడప వద్దనే ఆగిపోవునని భావింపరాదు. కలకత్తాలో ఒకే యింటిలో నివసించు సోదరుల వివాదములో, సహనివాసి సమ్మతి లేకుండ నివాసభాగములో కెమేరాలు నడుపరాదని అక్కడి హైకోర్టు 2025లో తీర్పు చెప్పగా, అదే సంవత్సరము మే నెలలో సుప్రీంకోర్టు అందులో జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. అది యజమాని, పనివారల తగవు కాదు. అయినను, ఇల్లు నాది గనుక కన్నును నా యిష్టమే యను వాదమునకు హద్దు గలదని అది తెలుపుచున్నది. ఐరోపాలో ఈ హద్దు మరికొంత ముందుగా ఏర్పడినది. తన యింటి కెమేరాతో వీధిని సైతము చిత్రించిన చెక్ దేశీయుడగు ఫ్రాంటిషెక్ రినేష్ వ్యవహారములో, వీధిని చూచు కెమేరా కేవలము గృహవ్యవహారము కాజాలదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానము 2014 డిసెంబరులో నిర్ణయించెను.

సింగపూరులో ఇంటి పనికై పొరుగు దేశములనుండి వచ్చు స్త్రీల విషయమున అక్కడి కార్మికమంత్రిత్వశాఖ యజమానులకు స్పష్టముగా సూచించుచున్నది. కెమేరాలు ఉన్నట్లును, ఎక్కడ ఉన్నవియు పనిమనిషికి తెలుపవలెను. ఆమె నిద్రించు చోట, బట్టలు మార్చుకొను చోట, స్నానము చేయు చోట వాటిని పెట్టరాదు. అంతర్జాతీయ కార్మికసంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక, యజమాని యింటనే నివసించు పనివారికి వారి ఆంతరంగికతను మన్నించు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. మన దేశము దానిని ఇంకను ధ్రువీకరింపలేదు. ఇంటి పనివారికై ప్రత్యేక చట్టము అవసరమా యని పరిశీలించుటకు ఒక సంఘమును నియమింపవలసినదిగా 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రప్రభుత్వమును ఆదేశించినది.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. కడప ప్రాంతమునుండి, గోదావరి మండలములనుండి మన ఆడపడుచులు ఎందరో కువైటు మొదలగు గల్ఫు దేశములకు ఇంటిపనికై పోవుచున్నారు. అక్కడ పరాయి యింటిలో, భాష రాని చోట, తమ గదిలోనైనను ఎవరి కంటను పడకుండ కన్నీరు తుడుచుకొను చోటుండవలెనని వారి తల్లులు కోరుకొనరా? వారికొరకు మనము కోరుదానినే మన యింటికి వచ్చు వారికి ఇచ్చుట న్యాయము.

పనివారికి కెమేరావలన మేలు కూడ కలుగవచ్చును. ఇంటిలో గాజు కనిపించకున్నచో మొదటి అనుమానము పనిమనిషి మీదనే పోవును. ఆ గాజు బీరువా వెనుక దొరకునప్పటికి ఆమె పరువు పోయియుండును. అట్టి వేళ కెమేరా ఆమెకు సాక్షియై నిలువగలదు. కాని ఆ సాక్షి యజమాని చేతిలోని సాక్షి. కార్డు నిండిన వెంటనే పాత చిత్రములు చెరిగి క్రొత్తవి పడును. తనకు అనుకూలమైన చిత్రము అందులో గలదని పనిమనిషికి ఎట్లు తెలియును? తెలిసినను, చూపుమని అడుగు ధైర్యమెక్కడిది? కావున నింద వేయుటకు ముందు చిత్రమును చెరిగిపోకుండ భద్రపరచి, ఆమె కోరినచో ఆమెకును చూపుట యజమాని ధర్మము.

ఇక ఆచరణలో మనము పాటింపదగిన నియమములు కొన్ని చెప్పుదును. మొట్టమొదటిది, కెమేరా ఎందులకో నిర్ణయించుకొనవలెను. దొంగల భయమే కారణమైనచో వీధితలుపునకును, పెరటితలుపునకును పెట్టిన చాలును. పసిబిడ్డకొరకైనచో ఊయలను మాత్రమే చూపునట్లు త్రిప్పవలెను. రెండవది, పనిలో చేరిననాడే పనివారికి కెమేరా చూపించి, అది ఏమి చూచునో, వినునో, ఎవరు చూతురో, ఎన్నాళ్ళు దాచుదురో వారి మాటలలో చెప్పవలెను. వీలైన సెల్‌ఫోనులోని బొమ్మను కూడ చూపవలెను. గడియారములోను, బొమ్మలోను దాచిన కెమేరాలు కాపలా కావు, అవి వేగు. మూడవది, స్నానాలగది, పనివారి గది, వారు బట్టలు మార్చుకొను చోటు సంగతి చెప్పనక్కరలేదు. వారు అన్నము తిని, కొంచెము విశ్రమించుటకును కెమేరా లేని చోటు ఒకటి ఇంటిలోపలనే ఉండవలెను, దొడ్డిలో కాదు.

నాలుగవది, మాటల గ్రహణమును ఆపివేయవలెను. చాల కెమేరాలలో దీనికి వేరుగా ఏర్పాటు కలదు. దొంగను పట్టుటకు బొమ్మ చాలును, మాట అక్కరలేదు. ఐదవది, పనివారి చిత్రములను వాట్సాపు బృందములకు పంపరాదు. అపార్టుమెంటు గేటు వద్ద వారి ఫోటోలు, రాకపోకల వేళలు నమోదు చేయు సంఘములవారును ఈ మాట గుర్తుంచుకొనుట మంచిది. ఆరవది, కంపెనీవారు ఇచ్చిన సంకేతపదమును కొన్ననాడే మార్చవలెను. 2016లో 'మిరాయి' అను దుష్ట ప్రోగ్రాము, యజమానులు సంకేతపదములు మార్చని కెమేరాలవంటి లక్షలకొలది యంత్రములలో చొరబడి, అక్టోబరు 21న అమెరికాలో అనేక ప్రసిద్ధ ఇంటర్నెట్టు కేంద్రములను గంటల తరబడి స్తంభింపజేసెను. మన యింటి కన్ను పరుల చేతబడినచో, అది చూపునది పనివారిని మాత్రమే కాదు. మన భార్యాబిడ్డలను కూడ.

మా యింటి సంగతి చెప్పి ముగించెదను. కెమేరాను మా తల్లి గదినుండి తీసి వీధితలుపు పైన పెట్టితిమి. దాని మైకును ఆపివేసితిమి. మా తల్లి మెడలో త్రాటికి ఒక చిన్న మీట కట్టితిమి. నొక్కినచో వంటయింటిలో గంట మ్రోగును, మా ఇద్దరి సెల్‌ఫోనులకును కబురు వచ్చును. నేను పనిమనిషితో, "నీ మాటలు విన్నాను, తప్పే" అని చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. దొడ్డినుండి లోపలికి వచ్చుటకు ఆమెకు ఇంకను మూడు వారములు పట్టెను. ఆ తరువాత ఒక సెలవునాడు నేను హాలులో పత్రిక చదువుకొనుచుండగా లోపలిగదిలో ఇద్దరును ఏదో చెప్పుకొని నవ్వుచుండుట వినిపించినది. ఏమని నవ్వుచున్నారో తెలియలేదు. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చితిని.